పెన్సిలుతో పెట్టిన గుర్తు

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దాటాక కారు నాలుగు బారలు కదిలి మళ్లీ ఆగింది. అద్దం మీద ఎవరో పిడికిలితో కొట్టినట్టయి లింగస్వామి ఉలిక్కిపడ్డాడు, చూస్తే ఎవరూ లేరు, పక్కనుంచి దూరిపోతున్న మోటార్‌సైకిలు హ్యాండిలు తగిలిందంతే. ఉలిక్కిపడటం ముందు సీట్లోని చక్రపాణి చూశాడా? చూసే ఉంటాడు. ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాడు, అప్పుడు జూనియర్ వకీలుగా, ఇప్పుడు పి.ఏ.గా, ఒళ్లో ఆ నల్ల బ్యాగు పెట్టుకుని. పది కావడానికి పావుగంట ఉంది. పదకొండుకు ఎల్బీ నగర్ కోర్టులో పేరు పిలుస్తారు, అండాలమ్మ తరఫు సాక్షి లింగస్వామి అని, మూడుసార్లు. అక్కడ గౌరవ పార్లమెంటు సభ్యులు అని కలపరు. బోనెక్కినవాడికి బిరుదులుండవని, పాతికేళ్లు ఆ కోర్టునే నమ్ముకుని బతికిన వకీలుకు వేరే చెప్పాలా. పోయిన రెండు వాయిదాలకూ సమావేశాలు జరుగుతున్నాయి, ఢిల్లీలో ఉన్నానని కాగితం పంపి తప్పించుకున్నాడు. శుక్రవారంతో సమావేశాలు ముగిశాయి, ముగిసినట్టు పేపర్లో వచ్చింది, ఆ ముక్క కత్తిరించి అండాలమ్మ వకీలు గీత జడ్జిగారి ముందు పెట్టింది. తెలివైన పిల్ల. తన దగ్గరే జూనియర్‌గా చేరి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాడు, అంతలోనే, చేరి ఉంటే ఏమయ్యేదో ముందు సీటు వైపు చూస్తే తెలిసింది, ఆ ఆలోచన అక్కడితో వదిలేశాడు.

అడగబోయేది ఒక్క ప్రశ్న. ఒక కాగితం చేతికిస్తారు. అండాలమ్మ తన రెండెకరాలు ప్లాట్ల వ్యాపారి సాంబమూర్తికి ఇష్టపూర్వకంగా వదిలేసుకుంటున్నట్టు రాసి ఉన్న రాజీ కాగితం, కింద కుడి మూల ఆమె బొటనవేలి ముద్ర, ముద్ర కింద పెన్సిలుతో పెట్టిన చిన్న ఇంటు గుర్తు. ఈ గుర్తు ఎవరు పెట్టారు, కాగితం మీద రాత పడ్డాక పెట్టారా, పడకముందే పెట్టారా అని గీత అడుగుతుంది. పడకముందే అని తను ఒక్క మాటంటే రాజీ చెల్లదు, సాగర్ రోడ్డు పక్కన సాంబమూర్తి వెంచర్ ప్రహరీ లోపల, మూలకున్న రేకుల కొట్టంలో అండాలమ్మ బతికినన్నాళ్లూ బతుకుతుంది, మొగుడు అంతయ్య సమాధి మీదికి జేసీబీ రాదు. అనకపోతే వస్తుంది. పోయిన వేసవిలోనే ఒకసారి వచ్చింది, ముసలిది సమాధి మీద బోర్లా పడుకుంటే డ్రైవరు భయపడి వెనక్కి తీశాడట. మరి ఆ ఒక్క మాట అంటే తన సంగతి? పదవి పోతుంది, నల్లకోటు పోతుంది, ఆ తర్వాత ఏ కేసు పడుతుందో, ఏ సెక్షను కింద ఎన్నేళ్లో కూడా లింగస్వామికి కంఠతా వచ్చు. చదువుకున్న చదువు ఇలా కూడా పనికొస్తుందని ఎవరనుకున్నారు.

కాని ఆ రోజు తను ఢిల్లీలో ఉన్నాడు. ఇది అబద్ధం కాదు, రైలు టికెట్టు కూడా ఎక్కడో ఉండాలి, వకీళ్ల సభ ఏదో జరిగితే వెళ్లాడు, సోమవారం రాజీ కాగితం కోర్టులో దాఖలైన పూట తను ఢిల్లీ చలిలో టీ తాగుతున్నాడు, కాగితం మీద వకీలుగా సంతకం చక్రపాణిది. టీవీలో అడిగినప్పుడు ఇదే చెప్పాడు, నేను ఊళ్లో లేనండీ అని, చెప్పినప్పుడు తన మొహం ఎంత నిజంగా ఉందో తర్వాత చూసి తనే ఆశ్చర్యపోయాడు. ఢిల్లీలో ఉన్నాడు, సోమవారం. అవును సోమవారమే. సోమవారం సంగతి ఎవరైనా ఎన్నిసార్లయినా అడగొచ్చు. అడిగేది శనివారం సంగతి కాకుంటే చాలు.

కారు కదిలింది. మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి, ఒక్కోదానికి ఒక నంబరు, నంబర్లు చూడొద్దనుకుంటూనే చూస్తున్నాడు. ఎడమ వైపు మేడ మీద మొదటి అంతస్తు, అదే, ఇప్పుడు కళ్లజోళ్ల దుకాణం బోర్డుంది కాని కిటికీ ఊచలు అవే, ఆ ఊచల వెనకే తన ఆఫీసు ఉండేది, రెండు గదులు, కిరాయి. కింద బ్యాంకు పరీక్షల కోచింగు, మెట్ల నిండా చెప్పులు, ఆ చెప్పుల మధ్య నుంచి కాళ్లు వెతుక్కుంటూ నల్లగొండ బస్సు దిగిన కక్షిదార్లు పైకొచ్చేవాళ్లు. అండాలమ్మ మొదటిసారి వచ్చినప్పుడు మెట్ల దగ్గరే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని ఎక్కింది, ఎవరైనా ఎత్తుకుపోతారని కాదు, అక్కడ విడిచినవన్నీ చదువుకున్న పిల్లల చెప్పులు, వాటి పక్కన తనవి పెట్టొచ్చో లేదో అని. కొంగుకు కట్టిన భూమి పహాణీ నకలు విప్పి బల్ల మీద పెట్టి, మూటలోంచి జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం తీసి దాని పక్కన పెట్టింది. "ఎప్పుడు తిన్నవో ఏమో బిడ్డా, మొకం పీక్కపోయింది, ముందుగాల తిను, జాగ యాడికి పోతది" అంది. నిజంగానే ఆ రోజు పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. ఆ సంగతి ఇంట్లో భార్యకు కూడా తెలియదు. తిన్నాడు. తిన్న రుచి ఇప్పటికీ నోట్లో ఉంది, పాడు రుచి, పోనే పోదు.

ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ప్రతి సంతకానికీ బస్సెక్కి రాలేరు. పంట కోతలుంటాయి, పెళ్లిళ్లుంటాయి, కాలో చెయ్యో నొప్పి ఉంటుంది. అందుకని వకాలత్ మీద పెట్టించుకున్న రోజే మూడు తెల్ల కాగితాల మీద కూడా వేలిముద్ర పెట్టించి బీరువాలో దాచుకోవడం తన పద్ధతి. తనొక్కడి పద్ధతా ఏమిటి, ఆ రోజుల్లో చాలామంది చేసేదే, వాయిదా కోరుతూ ఏదో అర్జీ వెయ్యాలంటే ఖాళీ కాగితం తీసి టైపు కొట్టి ఇచ్చేస్తే అయిపోతుంది, ముసలివాళ్లకు బస్సు తిప్పలు తప్పుతాయి. మేలు కోసమే. వేలు ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం నడిమధ్యలో పెట్టేసేవాళ్లు, అందుకే ముందుగా కుడి మూల కింద పెన్సిలుతో చిన్న ఇంటు గుర్తు పెట్టేవాడు. రాత ఉన్న కాగితానికి ఆ గుర్తు అక్కర్లేదు, రాత ఎక్కడ ముగిసిందో అక్కడే పెడతారు. గుర్తు కావలసింది ఖాళీ కాగితానికే. ఈ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు, ఒకడు వెనక సీట్లో ఉన్నాడు, ఇంకొకడు ముందు సీట్లో.

ఆ గుర్తు కూడా నిజానికి తనది కాదు, నాయనది. పోచంపల్లి పక్క ఊళ్లో నాయన మారయ్య చీర నూలుకు చిటికి కడుతుంటే చూడాలి, నూలు బిగించి, బొగ్గుతో అక్కడక్కడా చిన్న ఇంటు పెట్టి, ఆ గుర్తులున్న చోటల్లా సైకిలు ట్యూబు పట్టీలతో బిగదీసి కట్టి రంగులో ముంచేవాడు. కట్టు పడిన చోట రంగు పట్టదు, మిగతా అంతా పడుతుంది. బట్ట నేసే రోజుకు పువ్వు ఎక్కడుండాలో నూలులోనే తేలిపోయి ఉంటుంది. ఒకసారి ఎండాకాలం సెలవుల్లో లింగస్వామి ఒక గుర్తు పక్కకు పెట్టాడు, ఒకే ఒక్కటి, వేలెడు పక్కకు, చెబితే కొడతాడని చెప్పలేదు. ఎనిమిది రోజులు గడిచాక చీర సగం నేశాక పువ్వు వంకరగా బయటపడింది. నాయన కొట్టలేదు, తిట్టలేదు. "గుర్తు పెట్టిననాడే జెప్తె విప్పుతుంటి కొడుకా, రంగుల ముంచినంక ఎట్ల ఇప్పుత" అన్నాడు. అదే మాట పోయిన నెల నిద్రలో వినిపించింది, లేచి కూర్చుంటే భార్య సంధ్యారాణి లైటు వేసి మొహంలోకి చూసింది, ఏమీ అడగలేదు. అడగకపోవడానికే భయం వేసింది.

ఫోను మోగింది. ఆమే. "ఏవండీ, ఎక్కడిదాకా వెళ్లారు? టిఫిను ముట్టకుండా వెళ్లిపోయారు, షుగరు మాత్ర వేసుకున్నారా లేదా?" వేసుకున్నానన్నాడు. వేసుకోలేదు. అటు ఇంటి వెనక పూజగదిలో గంట చప్పుడు ఒకటి వినిపించింది. "ఒక్క మాట చెబుతాను, కోప్పడకండి. ఆవిడ మనింటికి వచ్చినప్పుడల్లా నా చేతికి గాజులు లేవని తిట్టి వెళ్లేది, గుర్తుందా? సొంత అత్తగారు కూడా అంత చనువు తీసుకోలేదు. మీరు మాత్రం..." మాట పూర్తి చేయలేదు, పూర్తి చేయడం ఆమెకు రాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటు, సగం చెప్పి మిగతా సగం ఎదుటివాడి నెత్తిన పెట్టి ఊరుకోవడం. సరేనని పెట్టేశాడు. ఆ శనివారం కూడా ఇలాగే సగమే అడిగింది. బీరువా తాళం చెవి మీ జేబులోనే ఉందా, అని. ఉందన్నాడు. ఇంకేం అడగలేదు.

ఉంది మరి. చక్రపాణి దగ్గర ఇంకో తాళం చెవి ఉండేదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాడు, అనుకోగా అనుకోగా ఆ రెండో చెవి కళ్లకు కనబడటం కూడా మొదలైంది, ఎర్ర దారం కట్టి ఉన్నట్టు. బీరువాకు ఒకటే తాళం చెవి. సరే, తనే ఇచ్చాడనుకుందాం, ఏదో పనిలో ఉండి, ఎందుకని అడక్కుండా ఇచ్చాడు, జూనియర్ అడిగితే ఇవ్వడా ఎవరైనా. అలా కూడా కొన్నాళ్లు గడిచింది. కాని వర్షం. ఆ శనివారం వర్షం పడింది, మెట్ల మీద కోచింగు పిల్లల చెప్పులన్నీ తడిసి ముద్దయ్యాయి, సాంబమూర్తి గొడుగు ముడిచి మూలకు ఆనించి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. పైసా మాట ఎత్తలేదు మహానుభావుడు. పార్టీ మాట ఎత్తాడు. "ఈ తూర్పు వైపు మొత్తం మీద చదువుకున్నవాడు, బీసీ, వకీలు, మంచి మాటకారి, ఎవరున్నారయ్యా నువ్వు కాక? నేను చెబితే పైన వింటారు" అన్నాడు. ఆ తర్వాత కిటికీలోంచి వాన చూస్తూ, "ఆ అండాలమ్మ కేసు పదేళ్లయినా తెగదు, ఆమెకూ సుఖం లేదు, నాకూ లేదు, ఒక కాగితంతో పోయేదానికి" అన్నాడు. ఏ కాగితమో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. ఆ గదిలో ఉన్న ముగ్గురికీ బీరువాలో ఏముందో తెలుసు.

కారు ఆగింది. కొత్తపేట. ఇక్కడ పండ్ల మార్కెట్ ఉండేది, ఎన్నికల్లో మొదటి సభ ఇక్కడే పెట్టాడు, గెలిచిన రోజు ఆపిల్ పండ్ల దండ క్రేనుతో ఎత్తి మెడలో వేశారు, బరువుకు మెడ వంగిపోయింది, ఫోటోలో దండం పెడుతున్నట్టు పడింది. ఇప్పుడు మార్కెట్ లేదు, ఊరవతలకి పోయింది, ఆ జాగాలో పెద్ద పెద్ద క్రేన్లు నిలబడి ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు, వాటి కొక్కేలు మాత్రం గాలికి కొంచెం ఊగుతున్నాయి. లోక్‌సభలో తన మొదటి ప్రసంగం తెలుగులోనే చేశాడు. అధ్యక్షా, ఈ దేశంలో వేలిముద్ర వేసే చెయ్యి మోసపోతోంది, చదువురాని ఆ చెయ్యి తరఫున మాట్లాడటానికే నేను ఇక్కడికొచ్చాను అన్నాడు. బల్లలు చరిచారు. రెండు నిమిషాల ఆ ముక్క ఫోన్లలో ఊరూరా తిరిగింది. మాట్లాడుతున్నప్పుడు గొంతు పూడుకుపోయింది, నటన కాదు, నిజంగానే పూడుకుపోయింది, ఎందుకంటే ఆ క్షణంలో కళ్ల ముందున్నది అండాలమ్మ వేలే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాణ్ణి చూశాం కాని, సభ మధ్యలో నిలబడి ఆ దొంగను పట్టుకోండని ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి ఎక్కడైనా చూశామా? ఆ వీడియో ఎవరో పిల్లవాడు చూపిస్తే అండాలమ్మ ఫోను తెరకు దండం పెట్టిందట. నా గురించే మాట్లాడిండు నా బిడ్డ, అందట. అందుకే గీత వద్దన్నా వినకుండా తన సాక్షిగా లింగస్వామినే పిలిపించుకుంది. జేసిందంత గా చక్రపాణిగాడే, నా బిడ్డ అప్పుడు ఢిల్లీల ఉండె, ఒచ్చి జెప్తడు చూడు, అని పంతం పట్టిందట. ఆమె శత్రువు అయి ఉంటే ఎంత బాగుండేది. శత్రువును ఎదుర్కోవడం వకీలుకు వచ్చు.

"అన్నా," అన్నాడు చక్రపాణి వెనక్కి తిరగకుండానే. "ఫికర్ జెయ్యకుండ్రి. గుర్తులేదు అనుండ్రి, అంతే. మీ ఎనక నేను బోనెక్కి ముసల్దానికి సదివి ఇనిపిచ్చిన, ఒప్పుకుంది అని జెప్త. నా మీదనే ఏసుకుంట." లింగస్వామి ఊ అన్నాడు. చక్రపాణి కాసేపు బ్యాగు జిప్పుతో ఆడుకున్నాడు, తెరిచాడు, మూశాడు. "మీరు సంతకాలు జేసిచ్చిన లెటర్‌హెడ్లు ఇంక నలభై దాక ఉన్నయన్నా. భద్రంగ ఉన్నయ్. నా దగ్గర్నే."

అంతే అన్నాడు. మళ్లీ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. దవాఖానాలో పడకలు, రైల్లో బెర్తులు, స్కూల్లో సీట్లు, రోజుకు ఎన్ని ఉత్తరాలు, ఢిల్లీలో ఉన్నప్పుడు సంతకాల కోసం ఎవరు ఆగుతారు, అందుకని పోయే ముందు యాభై, అరవై ఖాళీ లెటర్‌హెడ్ల మీద సంతకాలు చేసి పి.ఏ.కి ఇచ్చి పోవడం అలవాటు. ఎంపీలు చాలామంది చేసేదే. మేలు కోసమే. చక్రపాణి ఒక్కొక్క కాగితం ముందుకు జరుపుతూ, పెన్సిలుతో కుడి మూల కింద చిన్న ఇంటు పెట్టి, ఈడ అన్నా, ఈడ అన్నా, అంటాడు. రెండేళ్ల నుంచి ఆ ఇంటు మీద సంతకం పెడుతున్నాడు, ఆ గుర్తు ఎవరి దగ్గర నేర్చుకున్నావురా అని ఒక్కసారి కూడా తోచలేదు. నలభై కాగితాలు. పైన ఏమైనా రాయొచ్చు. ఎవరికైనా రాయొచ్చు. గౌరవ సభ్యుడి రాజ్యచిహ్నం అచ్చు వేసిన కాగితం మీద, కింద గౌరవ సభ్యుడి సొంత సంతకం. ఇది నేను రాయలేదు, ఖాళీ కాగితం మీద పెట్టాను అని రేపు తను ఏ కోర్టులోనైనా మొత్తుకుంటే, ఆ కోర్టు ఏమంటుందో లింగస్వామికి తెలుసు. ముద్ర నీదే కదా అని అండాలమ్మతో అన్నట్టే అంటుంది.

చక్రపాణి మెడ వెనక పౌడరు గీత ఉంది, తెల్లగా, కాలరు పైన. ఇరవై ఏళ్లలో ఆ మెడను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. పాపం వాణ్ణి అని ఏం లాభం, పాముకు పాలు పోశానని కూడా అనడానికి లేదు, పోసింది పాలు కాదు కదా. ఆ శనివారం సాంబమూర్తి లేచి వెళ్లాక గదిలో ఇద్దరే మిగిలారు. తాళం చెవి తన జేబులోంచి తీసింది ఎవరు? తను. బీరువా తెరిచింది? తను. అండాలమ్మ అని రాసిన కట్టలోంచి మూడు కాగితాల్లో ఒకటి తీసి, దుమ్ము ఉఫ్‌మని ఊది, బల్ల మీద పెట్టి, మడత పోవడానికి అరచేత్తో రెండుసార్లు రుద్దింది? ఆ రుద్దడం అరచేతికి ఇప్పుడు తెలుస్తోంది, కారు సీటు తోలు మీద చెయ్యి అదే పని చేస్తోంది, చూసుకుని ఆపేశాడు. సిరా ముద్ర ఊదా రంగులో ఉంది, వేలు మీద గీతలు చాలాచోట్ల అరిగిపోయి ఉన్నాయి, కలుపు తీసి తీసి. తర్వాత బాల్కనీలోకి పోయి టీ తాగాడు. లోపల టైపు మిషను చప్పుడు. ముద్ర కొంచెం పైకి పడింది, అందుకని చివరి నాలుగు వరసలు ఇరికించి కొట్టాల్సి వచ్చింది, ఆ ఇరికింపు చప్పుడు కూడా వేరేగా వినిపించింది. వాన చూస్తూ తాగాడు. అప్పటికైనా, ఆ టీ తాగుతున్నంతసేపైనా, అది చక్రపాణి పని అనుకోవచ్చు, లోపల ఏం జరుగుతుందో తనకు తెలియదనుకోవచ్చు. ఇన్నేళ్లూ అక్కడే ఆగిపోయేవాడు, బాల్కనీలో, టీ గ్లాసుతో. కాని చక్రపాణి లోపల్నుంచి, అన్నా సర్వే నంబరు ఇరవై మూడా, ముప్పై రెండా, అని అడిగాడు. వాన చప్పుడులో వినపడలేదన్నట్టు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "ముప్పై రెండు," అన్నాడు. "తప్పు కొట్టకు, మళ్లీ ఇబ్బందైతది" అన్నాడు.

ఎల్బీ నగర్. ఎక్కడెక్కడి బస్సులూ వచ్చి ఇక్కడే మూగుతాయి, నల్లగొండ బస్సు తలుపు పట్టుకుని కండక్టరు అరుస్తున్నాడు, మూటలు దిగుతున్నాయి, ముసలివాళ్లు దిగుతున్నారు. కోర్టు గేటు దగ్గర ఫోటోలు తీసేవాళ్లు నలుగురే ఉన్నారు, ఎక్కువ లేరు. మెట్లెక్కుతుంటే వకీళ్లు లేచి నమస్కారాలు పెట్టారు, తనతో కలిసి నాలుగో నంబరు కోర్టు బయట పల్లీలు తిన్నవాళ్లు. వరండా చివర గోడకానుకుని అండాలమ్మ కూర్చుంది. ఇంత చిన్నదైపోయిందేమిటి మనిషి. చూడగానే గోడ పట్టుకుని లేచింది, దగ్గరికొచ్చి రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. "ఒచ్చినవా బిడ్డా. నువ్వొచ్చినవ్ గద, ఇగ నాకు రంది లేదు. బక్కగైనవేంది?" అంది. గీత పక్కన నిలబడి లింగస్వామి మొహంలోకే చూస్తోంది. ఆ పిల్లకు తెలుసు. తెలుసు కాని రుజువు లేదు, ఉన్న ఒకే రుజువు తన నోట్లో ఉంది. చెబుతాను, అనుకున్నాడు లింగస్వామి. ఆ చెయ్యి తన చేతిలో ఉండగా నిజంగానే అనుకున్నాడు. పోతే పోనీ అంతా, చెప్పేస్తాను. లోపల పేరు పిలిచారు. ఆమె చెయ్యి వదిలింది.

దేవుని ఎదుట ప్రమాణం చేయించారు. కాగితం చేతికిచ్చారు. ఇరవై ఏళ్లకు పాతబడి అంచులు పసుపెక్కాయి, ఇరికించిన నాలుగు వరసలు, ఊదారంగు ముద్ర, దాని కిందినుంచి తొంగి చూస్తున్న పెన్సిలు గీతలు రెండు. నాయన బొగ్గు గుర్తే. గీత నెమ్మదిగా, తెలుగులో, ముసలామెకు కూడా అర్థమయ్యేలా అడిగింది. "ఈ గుర్తు పెట్టింది ఎవరు సార్? కాగితం ఖాళీగా ఉన్నప్పుడు పెట్టారా, రాశాక పెట్టారా?" కోర్టు హాలు తలుపు దగ్గర చక్రపాణి నిలబడి ఉన్నాడు, బ్యాగు రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని, కొంచెం నవ్వుతూ కూడా. ముందు బెంచీలో అండాలమ్మ నోరు కొద్దిగా తెరిచి, చదువుకునే పిల్లవాడు బడిలో అప్పజెబుతుంటే చూసే తల్లిలా చూస్తోంది. ఖాళీగా ఉన్నప్పుడు, అని చెప్పడానికి నోరు తెరిచాడు లింగస్వామి. నాలుక మీదికి ఇంగ్లీషు వచ్చింది. "ఐ డు నాట్ రీకలెక్ట్," అన్నాడు. గీత ఇంకోలా అడిగింది. "ఐ డు నాట్ రీకలెక్ట్." మూడోసారి కూడా అడిగింది. మళ్లీ అదే అన్నాడు. ఢిల్లీ సభలో తెలుగులో మాట్లాడినవాడు ఇక్కడ ఇంగ్లీషు ఎందుకు మాట్లాడాడో అర్థం కావలసినవాళ్లకు అర్థమైంది. అర్థం కాకూడని మనిషికి కాలేదు. అండాలమ్మ తల ఊపుతూనే ఉంది.

వాంగ్మూలం ప్రింటు తీశారు. ఒకటే పేజీ. క్లర్కు దాన్ని బోను చెక్క మీద పెట్టి, చెవి మీది పెన్సిలు తీసి, కుడి మూల కింద చిన్న ఇంటు గుర్తు పెట్టాడు. "ఇక్కడ సార్." లింగస్వామి జేబులోంచి పెన్ను తీశాడు, అలవాటు చొప్పున చెయ్యి నేరుగా ఆ గుర్తు మీదికే పోయింది.

"ఆగు బిడ్డా!" అండాలమ్మ లేచి నిలబడింది. "సదివి పెట్టు. కాయిదాలను నమ్మద్దు. నాకంటె సదువు రాదు, నీకొస్తది గద. జర సదివి పెట్టు."

ఎవరో నవ్వారు. జడ్జిగారు అమ్మా కూర్చో అన్నారు, గట్టిగా కాదు. లింగస్వామి పెన్ను ఎత్తి పట్టుకుని చదివాడు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా, ఒక్కొక్క మాట, కామాలతో సహా చదివాడు. మూడు చోట్ల ఒకే మాట ఉంది. మార్చాలంటే ఇప్పుడే మార్చొచ్చు, సాక్షికి ఆ హక్కుంది, ఇందులో తప్పు పడిందయ్యా అంటే చాలు, కాగితం ఇంకా సంతకం పడని కాగితమే. తలుపు దగ్గర జిప్పు చప్పుడైంది, తెరిచాడో మూశాడో చూడలేదు. సంతకం పెట్టాడు. పొడుగు సంతకం, చివర రెండు చుక్కలు, పెన్సిలు గుర్తు పూర్తిగా కప్పుకుపోయింది.

బయట వరండాలో ఆమె మళ్లీ ఎదురొచ్చింది. గీత వెనకే నిలబడి గోడ వైపు చూస్తోంది. అండాలమ్మ మూట విప్పి, బట్టలో చుట్టిన రొట్టెలు తీసి అతని చేతిలో పెట్టింది, ఇంకా వెచ్చగానే ఉన్నాయి, ఎల్లిపాయ వాసన గుప్పుమంది. "సదివినవ్ గద బిడ్డా, అంత సదివినంకనే పెట్టినవ్ గద?" అని అడిగింది.

"సదివే పెట్టినమ్మా," అన్నాడు లింగస్వామి.